కరెంటు ఎటు పోతోందో కొలిచేవాళ్లు

హైదరాబాద్ తూర్పు అంచున, పోచారంలోని ఇన్ఫోసిస్ క్యాంపస్‌లో ఒక ఆఫీసు భవనం ఉంది. బయటి నుంచి చూసినవాళ్లకు అందులో వింతేమీ కనిపించదు. సుమారు 24 వేల చదరపు మీటర్ల ఆ భవనం 2011లో వాడుకలోకి వచ్చింది. కట్టేటప్పుడే దాన్ని సరిగ్గా రెండు సగాలు చేశారు. రెండింటికీ ఒకే రకం గోడలు, ఒకే అద్దాలు, ఒకే దీపాలు. విస్తీర్ణమూ, లోపల పనిచేసే మనుషులూ ఇంచుమించు సమానమే. తేడా అల్లా చల్లబరిచే పద్ధతిలోనే ఉంది. ఒక సగానికి మనందరికీ తెలిసిన సెంట్రల్ ఏసీ పెట్టారు. చల్లగాలి డక్టుల్లో ప్రయాణించి గదుల్లోకి దిగుతుంది. రెండో సగంలో శ్లాబు కాంక్రీటులోనే ప్లాస్టిక్ గొట్టాలు పరిచి, వాటిలో చల్లటి నీళ్లు తిప్పారు. ఏ సగం ఎంత కరెంటు వాడుతోందో తెలిసేలా విడివిడిగా మీటర్లు బిగించి, రెండేళ్ల పాటు లెక్క రాశారు.

చల్లదనం కోసం నీళ్ల సగం వాడిన కరెంటు, గాలి సగం వాడినదాని కంటే 34 శాతం తక్కువని తేలింది.

గాలి సగాన్ని కావాలని నాసిరకంగా కట్టి ఓడించారేమో అన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. అలా జరగలేదు. అది కూడా మంచి యంత్రాలతో, జాగ్రత్తగా రూపొందించిన వ్యవస్థే. అప్పట్లో మామూలుగా కట్టే ఆఫీసుల కంటే ఎంతో మెరుగైనది. కట్టడానికైన ఖర్చులో కూడా నీళ్ల సగం భారం కాలేదు. ఇన్ఫోసిస్ ఇంజనీర్ గురుప్రకాశ్ శాస్త్రి, అమెరికన్ ఇంజనీర్ పీటర్ రమ్సీ కలిసి ఈ ఫలితాలను 2014లో ఆశ్రే అనే ఇంజనీర్ల సంఘం జర్నల్‌లో ప్రచురించారు. శ్లాబులో నీళ్లు తిప్పే పద్ధతి ప్రపంచానికి కొత్తేమీ కాదు. అయితే ఒకే ఊళ్లో, ఒకే ఎండలో, ఒకే కప్పు కింద రెండు పద్ధతులనూ పక్కపక్కన నడిపి ఇంత పెద్ద స్థాయిలో కొలిచిన సందర్భాలు చాలా అరుదు. ఆ తరవాత ఆ సంస్థ తన ఇతర క్యాంపస్‌లలో కట్టిన భవనాలకూ ఇదే పద్ధతి వాడింది. రెండేళ్ల మీటరు రీడింగులు చేతిలో ఉన్నాక మళ్లీ వాదన పెట్టుకోవలసిన పని లేకపోయింది.

భవనాల్లో శక్తి వినియోగం మీద పనిచేసే పరిశోధక ఇంజనీర్ అంటే ఏం చేస్తాడు, ఏం చేస్తుంది అని ఎవరైనా అడిగితే నేను పోచారం భవనాన్నే చూపిస్తాను. కొత్త యంత్రం కనిపెట్టడం ఆ వృత్తిలో ఒక భాగం మాత్రమే. ఒక భవనం గురించి అమ్మేవాళ్లు చెప్పే మాట, డ్రాయింగు చెప్పే మాట, మీటరు చెప్పే మాట ఒకటేనా అని తేల్చడం దానికంటే పెద్ద పని. ఈ మూడూ కలవని సందర్భాలే ఎక్కువ.

ముందు వేడి సంగతి చూద్దాం. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లోంచి సుమారు 100 వాట్ల వేడి బయటికి వస్తూ ఉంటుంది. యాభై మంది కూర్చున్న తరగతి గదిలో ఎండ, దీపాలు, కంప్యూటర్లు అన్నీ పక్కన పెట్టినా, మనుషుల నుంచే 5 కిలోవాట్ల వేడి పుడుతుంది. వేసవిలో సాయంత్రం నాలుగింటికి పడమటి కిటికీ మీద చదరపు మీటరుకు 600 వాట్ల దాకా ఎండ పడుతుంది. మామూలు అద్దం అందులో చాలా భాగాన్ని లోపలికి వదిలేస్తుంది. ఏసీ చేసేదల్లా ఈ వేడిని ఎత్తి బయట పారబోయడమే. ఎంత ఎత్తగలదో చెప్పే కొలతే టన్ను. యంత్రాలు రాకముందు మంచుగడ్డలతో గదులు చల్లబరిచిన కాలం నుంచి వచ్చిన లెక్క అది. ఒక అమెరికన్ టన్ను, అంటే 907 కిలోల మంచు, 24 గంటల్లో కరుగుతూ ఎంత వేడి పీల్చుకుంటుందో అంత. కిలోవాట్లలో చెబితే సుమారు మూడున్నర. మన ఇళ్లలోని టన్నున్నర ఏసీ అయిదు కిలోవాట్ల పైచిలుకు వేడిని ఎత్తడానికి, మంచిదైతే, ఒకటిన్నర కిలోవాట్ల కరెంటు తీసుకుంటుంది.

పెద్ద భవనంలో వేడిని ఎత్తడం ఒక ఎత్తు, మోసుకెళ్లడం మరో ఎత్తు. ఒక టన్ను వేడిని గాలితో మోయించాలంటే, వెళ్లే గాలికీ తిరిగొచ్చే గాలికీ 11 డిగ్రీల తేడా ఉందనుకున్నా, సెకనుకు 265 లీటర్ల గాలిని తోయాలి. అదే వేడిని నీళ్లతో మోయించాలంటే 5 డిగ్రీల తేడాతోనే సెకనుకు 170 మిల్లీలీటర్లు, అంటే ఓ చిన్న గ్లాసుడు నీళ్లు చాలు. ఘనపరిమాణంలో చూస్తే గాలి కంటే నీళ్లు దాదాపు 3,500 రెట్లు ఎక్కువ వేడిని పట్టుకోగలవు. అందుకే గాలికి మనిషి దూరేంత డక్టు కావాలి, నీళ్లకు బొటనవేలు లావు గొట్టం చాలు. పోచారంలో మిగిలిన కరెంటులో ఒక వాటా ఇక్కడిదే. అక్కడి నీళ్ల సగంలోనూ గాలి తిరుగుతుంది గానీ, మనుషులు పీల్చుకోవడానికి, తేమ తగ్గించడానికి కావలసినంత మేరకే.

రెండో వాటా చిల్లర్ దగ్గర, అంటే నీళ్లను చల్లబరిచే యంత్రం దగ్గర మిగిలింది. గాలిని చల్లబరిచే పద్ధతిలో చిల్లర్ నీళ్లను 7, 8 డిగ్రీల దాకా దించాలి. శ్లాబుకు అంత చలి అక్కర్లేదు. తల మీద కప్పు మొత్తం చల్లటి పలకే కాబట్టి 14 నుంచి 17 డిగ్రీల నీళ్లు సరిపోతాయి. చిల్లర్ నుంచి బయటికొచ్చే నీళ్ల ఉష్ణోగ్రతను ఒక్కో డిగ్రీ పెంచుతూ పోతే దాని కరెంటు రెండు మూడు శాతం చొప్పున తగ్గుతుంది. వేడిని ఎంత లోతు నుంచి తోడాలన్నదే అక్కడ లెక్క. లోతు తగ్గితే శ్రమ తగ్గుతుంది. ఇక ఆ వేడి చివరికి డాబా మీది కూలింగ్ టవర్‌లో, మట్టికుండలో నీళ్లు చల్లబడ్డట్టే, కొంత నీరు ఆవిరవుతూ గాలిలో కలిసిపోతుంది.

ఇంత బాగుంటే అన్ని ఆఫీసుల్లోనూ శ్లాబుల్లో గొట్టాలు ఎందుకు పరచరు? కారణం తేమ. గాలిలో ఆవిరి ఉన్నంతవరకూ, ఏదైనా ఉపరితలం ఒక హద్దు కంటే చల్లబడితే దాని మీద నీటి బొట్లు పడతాయి. ఆ హద్దు పేరు డ్యూ పాయింట్. 25 డిగ్రీల వేడి, 50 శాతం తేమ ఉన్న గదిలో అది 14 డిగ్రీల దగ్గరుంటుంది కాబట్టి 20 డిగ్రీల కప్పు పొడిగానే ఉంటుంది. జూలైలో వాన కురిసి వెలిసిన సాయంత్రం బయట 26 డిగ్రీలు, 90 శాతం తేమ ఉందనుకోండి. డ్యూ పాయింట్ 24 దాటిపోతుంది. అప్పుడు ఎవరైనా హాయిగా ఉందని కిటికీ తెరిచారా, కాసేపటికి కప్పు చెమర్చి, చుక్కలు కాగితాల మీద పడతాయి. అందుకే ఇలాంటి భవనాల్లో కప్పు దగ్గరే తేమ సెన్సర్లు ఉంటాయి. అవి నిమిష నిమిషానికీ డ్యూ పాయింట్ లెక్కగట్టి, నీళ్ల ఉష్ణోగ్రత దానికంటే ఎప్పుడూ పైనే ఉండేలా వాల్వులను నడిపిస్తాయి. హైదరాబాద్ పీఠభూమి మీద, వేసవి పొడిగా ఉండేచోట ఇది సులువు. విశాఖపట్నంలో మే నెల డ్యూ పాయింట్ 25 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. అక్కడ ముందు ఉక్కను పిండాలి, తరవాతే చలువ గురించి ఆలోచించాలి. పోచారంలో తేలిన 34 శాతాన్ని ఎత్తుకెళ్లి విశాఖ భవనానికి అతికించడం కుదరదు. అక్కడ మళ్లీ కొలవాల్సిందే.

కొలవడం అన్నాను గానీ, అది పైకి కనిపించేంత తేలిక కాదు. చిల్లర్ ఎంత వేడిని ఎత్తుతోందో తెలియాలంటే రెండు సంగతులు కావాలి: గొట్టంలో సెకనుకు ఎన్ని లీటర్ల నీళ్లు పోతున్నాయి, వెళ్లే నీళ్లకూ తిరిగొచ్చే నీళ్లకూ ఉష్ణోగ్రతలో తేడా ఎంత. ఆ తేడా సాధారణంగా 5 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది. ఒక సెన్సర్ 0.3 డిగ్రీలు ఎక్కువ, ఇంకోటి 0.3 డిగ్రీలు తక్కువ చూపిస్తే 5 కాస్తా 5.6 అవుతుంది. లెక్క మొత్తం 12 శాతం తప్పు. కొత్త కంట్రోల్ సాఫ్ట్‌వేర్ పెట్టి పది శాతం మిగిల్చామని ఒక కంపెనీ ప్రకటిస్తే, ఆ పది శాతం నిజంగా మిగిలిందో, సెన్సర్ల మధ్య కరిగిపోయిందో చెప్పడం ఎవరి తరమూ కాదు.

అందుకని ఈ పనిలో మొదటిరోజు నేర్పే పాఠం సెన్సర్లను సరిచూడటం. ఒక వెడల్పాటి థర్మాస్ ఫ్లాస్కు తీసుకుంటారు. శుభ్రమైన నీళ్లతో చేసిన మంచును మెత్తగా దంచి అంచు దాకా నింపి, సందులు నిండేంత వరకే నీళ్లు పోస్తారు. మంచు ముక్కలు తేలియాడుతున్నాయంటే నీళ్లు ఎక్కువైనట్టు; కొంత తీసెయ్యాలి. రెండు సెన్సర్లనూ దారంతో జతగా కట్టి, ఫ్లాస్కు గోడకూ అడుక్కూ తగలకుండా మధ్యలోకి దించి, కలుపుతూ ఓపిగ్గా ఆగుతారు. మంచూ నీరూ కలిసున్నంత సేపూ అక్కడ ఉండేది సున్నా డిగ్రీలే. ఆ సమయంలో ఒక సెన్సర్ 0.2 అని, ఇంకోటి మైనస్ 0.1 అని చూపిస్తే ఆ తేడాలను నోట్‌బుక్‌లో రాసుకుని, తరవాతి లెక్కలన్నిట్లో సవరించుకుంటారు. లక్షల రూపాయల పరికరాలున్న ప్రయోగశాలల్లో కూడా ఈ మంచు పరీక్ష ఇప్పటికీ ఉంది. దీన్ని మించిన నమ్మకమైన కొలబద్ద అంత చవగ్గా దొరకదు.

ఆ తరవాత సెన్సర్లను గొట్టాలకు బిగించి, నిమిషానికో అయిదు నిమిషాలకో ఒక రీడింగు చొప్పున నెలల తరబడి పోగుచేస్తారు. అప్పుడు గ్రాఫులు మాట్లాడటం మొదలుపెడతాయి. అర్ధరాత్రి దాటాక ఆఫీసు ఖాళీ అయినా ఫ్యాన్ల కరెంటు గీత కిందికి దిగలేదంటే, ఎవరో పండగ రోజు ఆటోమేటిక్ తీసేసి మాన్యువల్‌లో పెట్టి, తిరిగి మార్చడం మరిచిపోయారన్నమాట. ఫ్యాన్ల విషయంలో చిన్న అజాగ్రత్త కూడా పెద్ద ఖర్చే, ఎందుకంటే ఫ్యాన్ వేగంలో మార్పు కరెంటులో ఘనం చొప్పున కనిపిస్తుంది. వేగాన్ని 80 శాతానికి తగ్గిస్తే కరెంటు 51 శాతానికి పడిపోతుంది. తగ్గించగలిగీ తగ్గించని ఒక్కో పెద్ద ఫ్యాన్ ఏడాది పొడుగునా ఎంత తినేస్తుందో ఊహించండి. ఇలాంటి చోట గ్రాఫు చూసిన ఇంజనీర్ నేరుగా ప్లాంట్ రూమ్‌కి వెళ్లి అక్కడి ఆపరేటర్‌ను అడగాలి. ఏ పంపు ఎప్పుడు మొరాయిస్తుందో, ఏ అంతస్తువాళ్లు రోజూ ఫోను చేసి ఉక్కపోస్తోందంటారో అతనికే తెలుసు. ఆ అనుభవాన్ని గౌరవించని పరిశోధన ఏదీ భవనంలో నిలబడదని నా గట్టి నమ్మకం.

ఇక కప్పు దగ్గరికి వద్దాం. హైదరాబాద్ 17.4 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే రెండో వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఇక్కడ సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అక్కడి నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరం వైపుకు వాలి ఉంటాడు. అంటే ఎండలు మండే రోజుల్లో దక్షిణపు గోడ మీద పడే ఎండ తక్కువ, డాబా మీద పడేది చాలా ఎక్కువ. చదరపు మీటరుకు వెయ్యి వాట్ల దాకా పడే ఆ ఎండకు నల్లటి డాబా 60 డిగ్రీలు దాటి కాలిపోతుంది. కాంక్రీటు ఆ వేడిని వెంటనే కిందికి పంపదు. కొన్ని గంటలు తనలో దాచుకుని, సాయంత్రం నుంచి రాత్రి దాకా లోపలికి వదులుతుంది. పై అంతస్తులో ఉండేవాళ్లు రాత్రి పదింటికి కూడా మంచం మీద పడుకుని కప్పు సెగను అనుభవిస్తున్నారంటే అందుకే.

ఈ సెగ గాలి వేడికి సంబంధం లేనిది. వేడెక్కిన ప్రతి ఉపరితలం పరారుణ కిరణాల రూపంలో వేడిని నేరుగా మన ఒంటికి పంపుతుంది. గాలి కదలిక తక్కువున్న గదిలో మన శరీరానికి తెలిసే వేడి, గాలి ఉష్ణోగ్రతకూ చుట్టూ ఉన్న గోడల, కప్పుల ఉష్ణోగ్రతకూ సుమారు సగటు. ఏసీ గాలిని 26కు దించినా కప్పు 38 దగ్గర ఉంటే ఒంటికి చల్లబడ్డట్టు అనిపించదు. అప్పుడు రిమోట్ తీసి 18 నొక్కుతాం. పోచారంలోని చల్లటి కప్పు చేసింది దీనికి తలకిందులు: గాలి ఒకటి రెండు డిగ్రీలు వేడిగా ఉన్నా మనిషికి హాయిగా ఉంటుంది. ఈ కనిపించని వేడిని పట్టుకోవడానికి వాడే పరికరం చూస్తే ముచ్చటేస్తుంది. నల్లరంగో బూడిదరంగో వేసిన పింగ్‌పాంగ్ బంతి మధ్యలో చిన్న సెన్సర్ పెట్టి గదిలో వేలాడదీస్తారు. నలుమూలల నుంచీ వచ్చే సెగను ఆ బంతి మనలాగే అందుకుంటుంది.

డాబాను తెల్లబరిస్తే ఎంత లాభమో కూడా హైదరాబాద్‌లోనే కొలిచారు. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల, గచ్చిబౌలిలోని ఐఐఐటీ పరిశోధకులు కలిసి నగరంలోని వాణిజ్య భవనాల కప్పుల మీద చేసిన ఆ పరిశీలన 2012లో ప్రచురితమైంది. నల్లటి కప్పుకు తెల్ల పూత పూస్తే ఏడాదికి చదరపు మీటరుకు 20 నుంచి 22 యూనిట్లు మిగిలాయి. చల్లబరిచే ఖర్చులో 14 నుంచి 26 శాతం. ఏ పూతా లేని మామూలు కాంక్రీటు కప్పుకు పూస్తే 13, 14 యూనిట్లు. శాతంలో 10 నుంచి 19. ఇవి రోజంతా ఏసీ నడిచే భవనాల అంకెలు. ఏసీ లేని ఇంట్లో యూనిట్లు మిగలవు, రాత్రి నిద్ర మిగులుతుంది. ఆ లాభాన్ని ఏ మీటరూ చూపించదు గానీ, రేకుల కింద, వట్టి శ్లాబు కింద బతికేవాళ్లకు అదే పెద్ద లాభమని నేను అనుకుంటాను. మన పెద్దలు వేసవికి ముందు డాబా మీద సున్నం కొట్టించింది ఇదే ఫలితం కోసం. సున్నానికి ఉన్న చిక్కు ఏమిటంటే వానకు కొట్టుకుపోతుంది. ఇప్పటి పూతలు కొన్నేళ్లు నిలుస్తాయి కానీ దుమ్ము పట్టి మాసిపోతే వెలుతురును తిప్పికొట్టే శక్తి తగ్గుతుంది, కడుగుతూ ఉండాలి.

తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. ప్రభుత్వ భవనాలకూ, వాణిజ్య భవనాలకూ, 600 చదరపు గజాలూ అంతకు పైబడిన స్థలంలో కట్టే ఇళ్లకూ చల్లటి కప్పు తప్పనిసరి చేసింది. రాష్ట్రం మొత్తం మీద 300 చదరపు కిలోమీటర్ల కప్పులను చల్లబరచాలన్నది లక్ష్యం. ఆ విధానం వెనక ఇలాంటి కొలతల బలం ఉందన్నది మరిచిపోకూడదు.

భవనాన్నీ కప్పునూ కొలిచాక ఇంకా మిగిలింది మనిషి. ఎంత చల్లగా ఉంటే మనకు హాయి? చాలాకాలం మన ఆఫీసులు ఈ ప్రశ్నకు జవాబును వేరే దేశాల పుస్తకాల్లోంచి తెచ్చుకున్నాయి. 23 నుంచి 26 డిగ్రీలు అని రాసి ఉంటే అదే వేదం. మాధవి ఇంద్రగంటి అనే పరిశోధకురాలు 2008 వేసవిలో హైదరాబాద్‌లోని 45 ఫ్లాట్లకు వెళ్లి, వందకు పైగా మనుషులను మే నుంచి జూలై దాకా పదేపదే అడిగారు: ఇప్పుడు ఎలా ఉంది, వేడిగానా, చల్లగానా, సరిగ్గానా? అడిగిన ప్రతిసారీ పక్కనే గాలి వేడి, తేమ, గాలి వేగం కొలిచారు. దాదాపు నాలుగు వేల జవాబులు పోగయ్యాయి. వాటిలోంచి తేలింది ఏమిటంటే, ఫ్యాన్ కింద, పల్చటి బట్టల్లో, కిటికీలు తమ చేతిలో ఉన్న హైదరాబాదీలకు 29 డిగ్రీల దగ్గర సరిగ్గా ఉంది. 26 నుంచి 32 దాటేదాకా సర్దుకోగలమన్నారు. పుస్తకంలోని హద్దు ముగిసేచోట మనవాళ్ల హాయి మొదలవుతోందన్నమాట.

ఆమె అక్కడితో ఆగలేదు. చీర ఎంత వెచ్చదనం ఇస్తుందో విదేశీ పట్టికల్లో లేదు. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ పరిశోధకులతో కలిసి, లోపల వేడి పుట్టించే నిలువెత్తు బొమ్మకు రకరకాల చీరలు రకరకాలుగా కట్టి చూశారు. బొమ్మ ఒంటిని ఒకే వేడిలో ఉంచడానికి ఎంత కరెంటు పడుతోందో చూస్తే బట్ట ఎంత వేడిని ఆపుతోందో తెలుస్తుంది. అదే చీర పమిట ఒదులుగా వేసినప్పుడు ఒకలా, భుజం నిండా కప్పుకున్నప్పుడు ఒకలా పనిచేస్తుందని అంకెల్లో తేలింది. ఇంట్లో ఆడవాళ్లు రోజంతా తెలియకుండానే చేసుకునే సర్దుబాటు అది. శాస్త్రం దాన్ని లెక్కలోకి తీసుకోవడం నాకెంతో తృప్తినిచ్చిన విషయం.

అహ్మదాబాద్‌లోని సెప్ట్ విశ్వవిద్యాలయం ఇదే దారిలో దేశంలోని అయిదు నగరాల ఆఫీసుల్లో ఆరు వేలకు పైగా జవాబులు సేకరించి, 2014లో భారతీయులకు సరిపోయే హాయి నమూనా తయారుచేసింది. 2016 జాతీయ భవన నియమావళిలో దానికి చోటు దక్కింది. బయటి వాతావరణాన్ని బట్టి లోపలి హద్దు మారుతుందన్నది దాని సారం. 2020 జనవరి నుంచి స్టార్ రేటింగ్ ఉన్న గది ఏసీలన్నీ ఆన్ చెయ్యగానే 24 డిగ్రీల దగ్గరే మొదలవ్వాలన్న కేంద్ర నిబంధన కూడా వచ్చింది. నా అభిప్రాయంలో అది ఇంకా చల్లనే. ఫ్యాన్ తిరుగుతూ ఉంటే 27 దగ్గర కూడా మన ఇళ్లలో ఇబ్బంది ఉండదు.

ఈ వృత్తిలో కంప్యూటర్ వాటా కూడా తక్కువేమీ కాదు. భవనం కట్టకముందే దాని గోడలు, అద్దాలు, దిక్కులు, మనుషుల రాకపోకలు అన్నీ ఎనర్జీప్లస్ లాంటి ప్రోగ్రాములో పెడితే, ఏడాదిలోని 8,760 గంటలకూ గంట గంటకూ ఎంత వేడి వస్తుందో, ఎంత కరెంటు పోతుందో లెక్కగట్టి చూపిస్తుంది. అమెరికా ఇంధన శాఖ 2001లో విడుదల చేసిన ఆ ప్రోగ్రాము ఎవరికైనా ఉచితం. పడమటి అద్దం తగ్గిస్తే ఎంత, నీడ పట్టీ రెండడుగులు పెంచితే ఎంత అని పోల్చి చూడటానికి దాన్ని మించింది లేదు. అయితే మామూలుగా దానికి ఇచ్చే హైదరాబాద్ వాతావరణం బేగంపేట విమానాశ్రయంలో కొలిచింది. మీ భవనం పక్కన కొత్తగా లేచిన అద్దాల బురుజు విసిరే వేడి అందులో ఉండదు. ఉద్యోగులు తొమ్మిదికి వచ్చి ఆరుకు వెళ్తారని మనం రాస్తే అది నమ్ముతుంది. నైట్ షిఫ్ట్ పెట్టిన సంగతి దానికి తెలియదు. కాబట్టి కట్టాక ఏడాదిపాటు కొలిచి, లెక్కతో పోల్చి, తేడా ఎక్కడుందో వెతకాలి. ఆ వెతుకులాటకు ఎవరూ డబ్బు ఇవ్వరు. హరిత భవనమన్న రేటింగ్ ఫలకం గోడకు తగిలించాక భవనం గురించి ఆరా తీసేవాళ్లు కరువవుతారు. మన దేశంలో ఈ రంగానికి ఉన్న అసలు జబ్బు ఇదే.

చట్టాల కొరత లేదు. ఇంధన పొదుపు చట్టం 2001 నాటిది. వాణిజ్య భవనాల నియమావళి 2007లో వచ్చింది, 2017లో బిగించారు. ఇళ్ల కోసం 2018 డిసెంబరులో ఎకో నివాస్ సంహిత వచ్చింది. ఆ సంహిత ప్రకారం కప్పు గుండా ఒక్కో డిగ్రీ తేడాకు చదరపు మీటరుకు 1.2 వాట్లకు మించి వేడి దిగకూడదు. మనం రోజూ పోసే వట్టి ఆరంగుళాల శ్లాబు దగ్గర దగ్గర దానికి మూడింతలు వదిలేస్తుంది. ఇండియా కూలింగ్ యాక్షన్ ప్లాన్ 2019లో వేసిన అంచనా ప్రకారం 2037-38 నాటికి దేశంలో చల్లదనం కోసం డిమాండు ఎనిమిది రెట్లు కానుంది. అమరావతిలో, హైదరాబాద్ చుట్టూ, విశాఖలో ఇప్పుడు లేస్తున్న భవనాలు అప్పటికి నడివయసులో ఉంటాయి. ఇవాళ పోసిన శ్లాబును రేపు తీసి మళ్లీ పోయలేం.

మెకానికల్, ఎలక్ట్రికల్, కంప్యూటర్స్, ఆర్కిటెక్చర్ ఏది చదివినా ఈ పనిలోకి రావచ్చు. అంకెలంటే శ్రద్ధ, డాబా మీద ఎండలో నిలబడే ఓపిక, ప్లాంట్ రూమ్‌లో మనుషులతో కలిసిపోయే గుణం ఉంటే చాలు. గచ్చిబౌలి ఐఐఐటీలో దీనికోసం ప్రత్యేక కేంద్రమే ఉంది. మన ఇంజనీరింగ్ కాలేజీలు తమ సొంత భవనాలనే ప్రయోగశాలలుగా వాడుకోవచ్చు. ఒకే తీరున్న రెండు బ్లాకుల్లో ఒకదానికి తెల్ల పూత పూసి, రెంటికీ మీటర్లు పెట్టి, విద్యార్థుల చేత ఏడాది లెక్క రాయిస్తే అదే ఒక పరిశోధన పత్రం.

ప్రభుత్వాలను కోరేది ఒక్కటే. ప్రతి కలెక్టరేట్, ప్రతి సచివాలయం, ప్రతి పెద్దాసుపత్రి గుమ్మం దగ్గర, ఆ భవనం కిందటేడు చదరపు మీటరుకు ఎన్ని యూనిట్లు వాడిందో బోర్డు రాసి పెట్టించండి. అందుకు కావలసిన కరెంటు బిల్లులూ, భవనం ప్లానూ ఆ ఆఫీసు బీరువాలోనే ఉన్నాయి.